పది అయ్యాక ఏడాది విదేశంలో చదువు: ఆరు లక్షల్లో అవుతుందా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి ఈ మార్చిలో పది రాస్తోంది. పదిహేను నిండాయి. ఒక ఏడాది విదేశంలో హైస్కూల్లో చదివి రావాలని దాని పట్టుదల. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు అమెరికా 'ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం' అని 22 లక్షలు చెప్పారు. మేం పెట్టగలిగింది ఆరు లక్షలు. అందులో అయ్యే మంచి ప్రోగ్రాం ఉందా? లేక ఈ ఆలోచన మానుకోమంటారా?"

ఉందండి. కానీ 22 లక్షలకీ ఆరు లక్షలకీ తేడా ఎక్కడ వస్తోందో ముందు చెప్తాను. అది తెలిస్తే మిగతాది మీరే బేరీజు వేసుకోగలరు. అసలు ప్రశ్న ఒక్కటే: మీ పిల్ల పది నెలలు ఎవరింట్లో భోంచేస్తుంది, ఆ ఇంటివాళ్ళకు ఎవరైనా డబ్బు కడుతున్నారా?

మాది విజయవాడ, మొగల్రాజపురం. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మా చిన్నమ్మాయి పది అయ్యాక రోటరీ క్లబ్బు వాళ్ళ ద్వారా బ్రెజిల్‌లో ఏడాది ఉండి వచ్చింది. తర్వాత మా ఇంట్లో ముగ్గురు విదేశీ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఉండి వెళ్ళారు. అప్పట్నుంచీ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చే తల్లిదండ్రులు ఉంటూనే ఉన్నారు.

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన తెచ్చిన బ్రోషరు ఇంకా గుర్తుంది. నున్నటి కాగితం, పైన అంగుళమంత అక్షరాలతో 'ఎక్స్ఛేంజ్'. నాలుగో పేజీలో, అదీ కళ్ళజోడు పెట్టుకుంటేనే కనిపించేంత చిన్న అక్షరాల్లో, 'వీసా: ఎఫ్-1' అని ఉంది. అది చూడగానే బ్రోషరు మూసి ఆయన చేతికిచ్చేశాను. ఎఫ్-1 అంటే మామూలు స్టూడెంట్ వీసా. అక్కడి ప్రైవేటు హైస్కూల్లో సీటు కొనుక్కుని చదవడమన్నమాట. స్కూలు ఫీజు మీరు కడతారు, పిల్లను ఉంచుకునే కుటుంబానికి నెలనెలా డబ్బు కూడా మామూలుగా మీ జేబులోంచే పోతుంది. పోనీ ప్రభుత్వ స్కూల్లో చేరదామా అంటే ఎఫ్-1 మీద గరిష్ఠంగా 12 నెలలే కుదురుతుంది. అదీ ఆ స్కూలుకు ఒక్కో పిల్ల మీద అయ్యే పూర్తి ఖర్చు ముందే కట్టాలి. 1996 నుంచీ అక్కడి చట్టం అది. ఎఫ్-1 తప్పని నేను అనను, ఉన్నవాళ్ళు వెళ్తారు. కానీ దాన్ని ఎక్స్ఛేంజ్ అని అమ్మితే నాకు ఒళ్ళు మండుతుంది. మీకు చెప్పిన 22 లక్షలు ఇలాంటిదే అయ్యుంటుందని నా అనుమానం. వీసా ఏదని ఒక్క మాట అడగండి, తేలిపోతుంది.

అమెరికాకు అసలైన ఎక్స్ఛేంజ్ వీసా జె-1. దీని కింద హైస్కూల్ పిల్లను ఇంట్లో పెట్టుకునే కుటుంబానికి డబ్బు ఇవ్వకూడదు. వాళ్ళు ఇష్టపడి, తమ బల్ల మీద ఇంకో ప్లేటు వేసి ఉంచుకుంటారు. చదువు చాలావరకు ప్రభుత్వ స్కూల్లో, ఫీజు లేకుండా. వయసు ప్రోగ్రాం మొదలయ్యేనాటికి 15 నిండి ఉండాలి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. ఎల్‌కేజీ, యూకేజీ వదిలేస్తే 11 ఏళ్ళకు మించి చదివి ఉండకూడదు. అంటే పది అయినవాళ్ళు, ఇంటర్ ఫస్ట్ ఇయర్ అయినవాళ్ళు వెళ్ళొచ్చు. ఇంటర్ పూర్తయితే ఈ తలుపు మూసుకున్నట్టే. ఇదివరకే ఎఫ్-1 మీదో జె-1 మీదో అక్కడ స్కూల్లో చదివినవాళ్ళకూ కుదరదు.

ఈ వీసాకు కావలసిన డీఎస్-2019 అనే ఫారం ఇచ్చేది అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ. మీ ఊళ్ళో కూర్చున్న కన్సల్టెంట్ కాదు, ఆయన మధ్యవర్తి మాత్రమే. కాబట్టి ఆయన్ని అడగాల్సిన మొదటి మాట: "మీ స్పాన్సర్ పేరేంటి?" పేరు చెప్పగానే విదేశాంగ శాఖ జె-1 వెబ్‌సైట్లో ఉన్న జాబితాలో వెతకండి. సీఎస్ఐఈటీ అని అక్కడ ఇంకో సంస్థ ఉంది, ఈ ప్రోగ్రాముల ప్రమాణాలు చూసి ఏటా జాబితా వేస్తుంది. అందులోనూ ఉంటే ఇంకా మంచిది. పేరు చెప్పడానికి నీళ్ళు నమిలితే ఇక ఆ మెట్లు ఎక్కకండి. "కాలిఫోర్నియా గ్యారంటీ, మీ చుట్టాలింటి పక్కనే వేయిస్తాం" అంటే కూడా ఎక్కకండి. మామూలు జె-1లో కుటుంబం ఎక్కడ దొరికితే అక్కడికే వెళ్ళాలి. చాలామంది చిన్న చిన్న ఊళ్ళలో పడతారు. "చదువుకుంటూ పార్ట్‌టైం చేసుకోవచ్చు" అన్నా అబద్ధమే. ఎప్పుడో ఒకసారి పక్కింటి పిల్లల్ని చూసుకోవడం, పెరట్లో గడ్డి కొయ్యడం లాంటి చిల్లర పనులు తప్ప ఉద్యోగం చెయ్యకూడదు.

జె-1 ఉచితమని మాత్రం అనుకోకండి. స్పాన్సర్‌కీ ఇక్కడి ఏజెంటుకీ ఫీజు ఉంటుంది. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ రికార్డు) ఫీజు 220 డాలర్లు (ఎఫ్-1 అయితే 350), వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. ఆరోగ్య బీమా ఒక్కో జబ్బుకో ప్రమాదానికో కనీసం లక్ష డాలర్లకు ఉండాలని నిబంధన. దరఖాస్తులోనే ఇంగ్లీషు పరీక్ష ఒకటి ఉంటుంది, చాలా స్పాన్సర్లు ఎల్టిస్ అనేది పెడతారు. ఇవన్నీ విడివిడిగా ఒక కాగితం మీద రాసిమ్మనండి. "అన్నీ కలిపి ఇంత" అనేవాళ్ళ దగ్గర ఆ "అన్నీ"లో ఏముందో తర్వాత తెలుస్తుంది. మనవాళ్ళ ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో, ఆ రానుపోను ఖర్చూ లెక్కలో వేసుకోండి.

ఇక మీ ఆరు లక్షల విషయం. ఆ డబ్బుకి నేను ముందుగా చెప్పేది రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్. అమ్మాయి తండ్రి రోటరీ మెంబరు కానక్కర్లేదు. 15 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు. లాంగ్ టర్మ్ అంటే ఒక పూర్తి విద్యా సంవత్సరం, షార్ట్ టర్మ్ అంటే కొద్ది రోజుల నుంచి మూడు నెలల వరకు. లాంగ్ టర్మ్‌లో తిండి, ఇల్లు అక్కడి కుటుంబాలు ఉచితంగా ఇస్తాయి. స్కూలు ఫీజు మీ మీద పడదు. అక్కడి క్లబ్బు నెలకు కొంచెం జేబు ఖర్చు కూడా ఇస్తుంది. మీరు పెట్టుకోవాల్సింది విమానం టికెట్, వీసా, బీమా, బట్టలు, చేతి ఖర్చు, అవసరానికి పనికొచ్చే కొంత డిపాజిట్. రానుపోను టికెట్ లక్ష, లక్షన్నర అనుకోండి. మిగతావి కలుపుకున్నా ఆరు లక్షల్లో జాగ్రత్తగా గడుస్తుంది. పిల్లలందరినీ కలిపి దేశం చుట్టూ తిప్పే టూరు ఒకటి పెడతారు, దానికి మాత్రం విడిగా కట్టాలి. మా అమ్మాయిని అమెజాన్ టూరుకి పంపలేదు. ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

ఒక చిన్న తిరకాసు. కృష్ణకు ఇటూ అటూ రోటరీ జిల్లాలు వేరు. విజయవాడ 3020 నంబరు రోటరీ జిల్లా కింద, గుంటూరు 3150 కింద. కాబట్టి నాకు తెలిసినవాళ్ళ దగ్గరికి మీరు రావడం కంటే గుంటూరులోనే ఏదైనా క్లబ్బుకు వెళ్ళి, "డిస్ట్రిక్ట్ యూత్ ఎక్స్ఛేంజ్ ఆఫీసర్ ఎవరండీ?" అని అడగండి. అందరు మెంబర్లకూ ఈ ప్రోగ్రాం గురించి తెలియదు, ఒకరిద్దరు తల అడ్డంగా ఊపినా వదలకండి. ఆగస్టులో వెళ్ళాలంటే అంతకుముందు ఏడాది దసరా, దీపావళి నాటికే దరఖాస్తు మొదలవ్వాలి. ఈ ఏటికి ఆలస్యం అయిపోయిందేమో ముందు అదే కనుక్కోండి.

ఇప్పుడు అసలు ఖర్చు. ఎక్స్ఛేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. మీ పిల్లను ఎవరో ఉంచుకుంటున్నారు కాబట్టి ఇక్కడికి వచ్చే పిల్లను ఎవరో ఒకరు ఉంచుకోవాలి. చాలా క్లబ్బులు పంపే కుటుంబాన్నే మొదట అడుగుతాయి. మూడు నాలుగు నెలలు మీ ఇంట్లో ఒక పరాయి దేశం పిల్ల. మా ఆయన మొదట ససేమిరా అన్నారు, "ఒక్క బాత్రూం ఇంట్లో ఏంటిది" అని. బెల్జియం నుంచి వచ్చిన పిల్ల మొదటిరోజు పొద్దున్నే ఆ ఒక్క బాత్రూం గుమ్మంలోనే నిలబడిపోయింది, చేతిలో చెంబు పట్టుకుని. బకెట్టు నిండా నీళ్ళున్నాయి, చెంబు ఉంది, ఈ రెంటితో ఏం చెయ్యాలో తెలీదు. మా అత్తగారు వెళ్ళి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఉత్తి చెంబుతోనే తల మీద పోసుకున్నట్టు నటించి చూపించారు. ఆ పిల్ల పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఇద్దరూ జట్టు. "మామ్మగారూ" అని పిలిచేది, అందులో 'ర' మాత్రం గొంతు లోపల్నుంచి వచ్చేది. మామ్మగారికి ఇంగ్లీషు రాదు, ఆ పిల్లకు తెలుగు రాదు. మధ్యాహ్నాలు ఇద్దరూ కూర్చుని వెల్లుల్లి పాయలు వలుస్తూ ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు ఇప్పటికీ తెలీదు.

ఖర్చు పరంగా చూస్తే నెలకు నాలుగైదు వాటర్ క్యాన్లు ఎక్కువ, ఏసీ వల్ల కరెంటు బిల్లు ఎక్కువ. కష్టం వేరేది. మొదటి వారంలో దాని కడుపు పాడైంది, రాత్రి పదకొండింటికి డాక్టరు కోసం తిరిగాం. దసరాకు కొండ మీదికి తీసుకెళ్తే ఆ జనంలో దాని చెయ్యి వదిలేస్తానేమోనని దర్శనం కూడా సరిగ్గా చేసుకోలేదు నేను. వేరే ఇంటి పిల్ల బాధ్యత అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మా పిల్లను ఉంచుకున్న బ్రెజిల్ ఇంటావిడ కూడా ఇలాగే గుప్పిట్లో ప్రాణం పెట్టుకుని ఉండేదేమో అనిపించింది. ఈ పని చెయ్యగలిగితే ఆరు లక్షలు చాలు. చెయ్యలేకపోతే ఆ పని వేరేవాళ్ళ చేత డబ్బిచ్చి చేయించుకోవాలి. స్కూలు ఫీజుతో పాటు ఆ 22 లక్షల్లో ఒక పెద్ద ముక్క అదే.

రోటరీలో 'నాలుగు డీలు' అని ఒక కట్టుబాటు ఉంది: డ్రైవింగ్, డ్రింకింగ్, డేటింగ్, డ్రగ్స్. నాలుగూ నిషిద్ధం, తప్పితే వెనక్కి పంపిస్తారు, ఆ టికెట్ డబ్బు మీదే. మనవాళ్ళు మిగతా మూడింటి గురించి టెన్షన్ పడతారు గానీ డ్రైవింగ్ సంగతి పట్టించుకోరు. ఇక్కడ స్కూటీ మీద తిరిగిన పిల్లలకు అక్కడ స్నేహితుడి బండి తాళం చేతికి రాగానే చెయ్యి ఆగదు. ముందే గట్టిగా చెప్పి పంపండి.

దేశం మనం ఎంచుకోలేం అని తెలిసి చాలామంది వెనక్కి తగ్గుతారు. మూడో నాలుగో ఇష్టాలు రాయొచ్చు, ఇచ్చేది వాళ్ళు. మేం ఫ్రాన్స్ రాశాం, బ్రెజిల్ వచ్చింది. ఇంట్లో ఏడుపులు. తీరా చూస్తే మా పిల్లకు అదే మేలైంది. అక్కడ మధ్యాహ్నం రోజూ అన్నమే, పక్కన చిక్కటి చారులాంటి చిక్కుడు గింజల కూర. మాంసం తీసి పక్కన పెడితే ఆకలి తీరిపోయేది. ఇంగ్లీషు లేని దేశం కాబట్టి ఆరు నెలల్లో పోర్చుగీసు వచ్చేసింది. శాకాహారులైతే దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయండి. గుడ్డు తింటుందా, ఒకే వంటింట్లో మాంసం వండితే ఫర్వాలేదా అన్నవి కూడా. దాచిపెట్టి తర్వాత ఏడ్వడం కంటే అది నయం. బ్రెజిల్ లాంటి దేశం వస్తే ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోవద్దు. తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ టీకా కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. మేం హైదరాబాద్ నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించాం. టీకా వేయించిన పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది.

ఫీజు తక్కువని ఏదో ఒకదాంట్లో చేరే ముందు ఇంకో లెక్క చూడండి, దీన్ని ఏ కన్సల్టెంటూ చెప్పడు. అక్కడ చదివిన ఏడాది ఇక్కడ ఇంటర్ ఫస్ట్ ఇయర్‌గా లెక్కకు రాదు. మనకు ఫస్ట్ ఇయర్‌కే పబ్లిక్ పరీక్ష. కాబట్టి పది అయ్యాక వెళ్ళి వచ్చి మళ్ళీ ఫస్ట్ ఇయర్‌లో చేరాలి. ఏడాది పోయినట్టే అనుకుని వెళ్ళండి. సీబీఎస్ఈలో పదకొండో తరగతి పరీక్ష స్కూలు వాళ్ళే పెట్టుకుంటారు, కాబట్టి ఒక టర్మ్ వెళ్ళివచ్చే పిల్లకు కొందరు ప్రిన్సిపాళ్ళు సర్దుబాటు చేస్తారు. అదైనా రాతపూర్వకంగా తీసుకోండి.

అంతకంటే పెద్దది లోకల్ స్టేటస్. ఇంజినీరింగ్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకు. మామూలుగా లోకల్ అంటే ఇంటర్ రాసే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్ళు మన ప్రాంతంలో చదివి ఉండటం. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. సరిగ్గా మధ్యలో ఒక ఏడాది సావో పావ్లోలో చదివితే ఆ వరస తెగుతుంది. అప్పుడు మిగిలిన 15 శాతంలో పోటీ పడాల్సి రావచ్చు. మీ అమ్మాయి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వైపో నీట్ వైపో వెళ్ళేదైతే, డబ్బు కట్టే ముందే అడ్మిషన్ల వాళ్ళ దగ్గర ఈ సంగతి తేల్చుకోండి. మా అమ్మాయి ఆర్ట్స్ వైపు వెళ్ళింది కాబట్టి మాకు ఈ బెడద రాలేదు. మా తర్వాత వెళ్ళిన ఒక అబ్బాయి తల్లిదండ్రులకు మాత్రం కౌన్సెలింగ్ రోజుల్లో తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు డబ్బే అక్కర్లేని దారులూ ఉన్నాయి, కాకపోతే పోటీ గట్టిగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్సు నడిపిన అమెరికన్ వాలంటీర్లతో మొదలైన ఏఎఫ్ఎస్ అనే సంస్థ 1947 నుంచి హైస్కూల్ పిల్లల్ని మార్పిడి చేస్తోంది. మన దేశంలోనూ ఉంది, స్కాలర్‌షిప్పులూ ఇస్తుంది. అమెరికా ప్రభుత్వం డబ్బుతో 2002లో పెట్టిన యెస్ ప్రోగ్రాం, జపాన్ ప్రభుత్వం డబ్బుతో 2018లో మొదలైన ఆసియా కకెహాషి, రెండూ ఏఎఫ్ఎస్ ద్వారా మన పిల్లల్ని తీసుకెళ్ళాయి. ఇలాంటివి ప్రభుత్వాల ఇష్టం మీద నడుస్తాయి కాబట్టి ఆ ఏటికి ప్రకటన వచ్చిందో లేదో చూసుకోవాలి. మీ అమ్మాయి ప్రభుత్వ స్కూల్లోనో కేంద్రీయ విద్యాలయంలోనో నవోదయలోనో చదువుతుంటే జపాన్ వాళ్ళ సకురా సైన్స్ అనే పర్యటన గురించి హెడ్మాస్టర్ని అడగండి. వారం రోజులే, రూపాయి ఖర్చు లేదు, ఎంపిక ప్రభుత్వం ద్వారానే. ఎక్స్ఛేంజ్ కాకుండా ఏకంగా ఇంటర్ బదులు రెండేళ్ళ ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) చదివించాలనుకుంటే యూడబ్ల్యూసీ (యునైటెడ్ వరల్డ్ కాలేజెస్) ఉంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఇస్తారు. దాని కాలేజీ ఒకటి పూణె దగ్గరే ఉంది.

ఒకటి మాత్రం మీరు రాసినదాంట్లో నాకు నచ్చింది: పట్టుదల అమ్మాయిది. తల్లిదండ్రుల పట్టుదల మీద వెళ్ళిన పిల్లలు అక్టోబరు దాటరు. మా అమ్మాయికీ అక్టోబరే గడ్డు నెల. వాళ్ళకు రాత్రి తొమ్మిదైతే మనకు తెల్లవారి ఐదున్నర. పాలప్యాకెట్లు వచ్చే వేళకు ఫోన్ మోగేది, అవతల మాటల్లేవు, ముక్కు ఎగబీల్చడమే. "వచ్చెయ్యమ్మా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. అక్కడ మా అమ్మాయి నమ్ముకున్న రోటరీ కౌన్సెలర్ ఒకావిడ ఉండేది. ఆవిడే నాకు ఫోన్ చేసి, వారానికి ఒక్కసారే మాట్లాడమంది, అదీ ఆదివారం. కోపం వచ్చింది గానీ విన్నాను. డిసెంబరుకు మా అమ్మాయే ఆ ఆదివారాలు కూడా ఎగ్గొట్టడం మొదలుపెట్టింది. మీరు ఏ ప్రోగ్రాం చూసినా, ఇంటివాళ్ళతో పడకపోతే పిల్ల ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆ మనిషి అదే ఊళ్ళో ఉంటారా, ఇల్లు మార్చడానికి ఎన్నాళ్ళు పడుతుంది అని అడగండి. అమెరికా జె-1లో అయితే స్పాన్సర్ తరఫు మనిషి నెలకొకసారైనా పిల్లతో మాట్లాడాలని నిబంధనే ఉంది. ఈ ప్రశ్నకు తడుముకోకుండా పేరు, ఫోన్ నంబరు చెప్పే ప్రోగ్రాంకు యాభై వేలు ఎక్కువైనా ఇస్తాను నేను.

కాబట్టి నా సలహా: గుంటూరు రోటరీ క్లబ్బులో ఈ వారమే అడగండి, ఆ కన్సల్టెన్సీని వీసా రకం, స్పాన్సర్ పేరు అడగండి, ఇంటర్ లెక్క తేల్చుకోండి. వీటన్నిటికంటే ముందు బీరువాలోంచి అమ్మాయి పాస్‌పోర్ట్ తీసి చూడండి. చిన్నప్పుడు తీసుకున్నదైతే ఐదేళ్ళకో, పద్దెనిమిది నిండేనాటికో, ఏది ముందైతే దానికి ముగిసిపోతుంది. పదిహేను దాటింది కాబట్టి ఇప్పుడు రెన్యూ చేయిస్తే పదేళ్ళకు అడగొచ్చు. దాని మీద తేదీ ఎంతుందో, అమ్మాయి ఏ బోర్డులో చదువుతోందో రాయండి, మిగతాది దాన్నిబట్టి చెప్తాను.